బ్రూనో బెటెల్‌హైమ్

బ్రూనో బెటెల్‌హైమ్ (ఆగష్టు 28, 1903 - మార్చి 13, 1990) ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన రచయిత, విద్యావేత్త, బాలల మానసిక చికిత్సకుడు. చికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న సోనియా షాంక్‌మన్ ఆర్థోజెనిక్ స్కూల్‌కు 1944 నుండి 1973 వరకు సంచాలకుడుగా పనిచేశాడు. తీవ్రమైన మానసిక సమస్యలున్న బాలబాలికలను ఇంటికి దూరంగా, సంవత్సరాల తరబడి ఒకే చోట ఉంచి చికిత్స చేసే పద్ధతికి ఈయన పేరు దాదాపు పర్యాయపదమయింది. జీవించి ఉన్నంత కాలం పిల్లల మనసు తెలిసిన మహానుభావుడుగా కీర్తించబడిన ఈయనపై, మరణించిన కొద్ది నెలలలోనే ఆయన వద్ద పెరిగిన కొందరు తీవ్రమైన ఆరోపణలు చేశారు. ఆటిజం అనే స్థితికి తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే కారణమని ఈయన చేసిన వాదన తప్పని శాస్త్రపరిశోధనలో తేలిపోయింది.

బాల్యం, విద్యాభ్యాసం

బెటెల్‌హైమ్ వియన్నా నగరంలో మధ్యతరగతి యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి అంటోన్ కలప వ్యాపారి. తల్లి పౌలీనా. తండ్రికి సోకిన సిఫిలిస్ వ్యాధి ఆ ఇంట్లో పైకి చెప్పుకోని రహస్యంగా ఉండేది. 1926లో తండ్రి మరణించడంతో బ్రూనో విశ్వవిద్యాలయ చదువు ఆపి కలప వ్యాపారం చేపట్టవలసి వచ్చింది. ఇష్టం లేని ఆ వ్యాపారంలో పదేళ్ళకు పైగా గడిపాడు. 1930లో జీనా అనే యువతిని వివాహమాడాడు.

ఆ కాలపు వియన్నా మనోవిశ్లేషణ శాస్త్రానికి పుట్టినిల్లు. సిగ్మండ్ ఫ్రాయిడ్, ఆయన కుమార్తె అన్నా ఫ్రాయిడ్ అక్కడే పనిచేసేవారు. దారితప్పిన పిల్లలను కొట్టి తిట్టి మార్చే పద్ధతి మానుకుని, ఓర్పుతో వారి మనసును అర్థం చేసుకోవాలని చెప్పిన ఆగస్ట్ ఐక్‌హార్న్ మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులలో అటువంటి బాలుర కోసం వసతిగృహం నడిపాడు. ఆ అనుభవంతో అతడు 1925లో ప్రచురించిన పుస్తకానికి ఫ్రాయిడ్ ముందుమాట వ్రాశాడు. బెటెల్‌హైమ్ ఈ వాతావరణంలో పెరిగాడు. కొంతకాలం రిచర్డ్ స్టెర్బా వద్ద తానే మనోవిశ్లేషణ చేయించుకున్నాడు కూడా. అయితే శిక్షణ పొందిన మనోవిశ్లేషకుడు మాత్రం కాదు. వ్యాపారం చేస్తూనే చదువు కొనసాగించి 1938 ఫిబ్రవరిలో వియన్నా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందాడు. ఆయన పరిశోధనాంశం ప్రకృతి సౌందర్యం, ఆధునిక సౌందర్యశాస్త్రం. అమెరికాలో ఈయనను అందరూ డాక్టర్ బి అని పిలిచినా ఆ పట్టా వైద్యానికి గాని, మనస్తత్వశాస్త్రానికి గాని సంబంధించినది కాదన్న విషయం తరువాతి వివాదాలన్నింటికీ మూలం కనుక ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1930లలో ఒక అమెరికన్ బాలిక చాలా ఏళ్ళు వీరి ఇంట్లో ఉండి పెరిగింది. మాటలు, మనుషులు పట్టని ఆ బిడ్డ ఆలనాపాలనా ప్రధానంగా జీనా చూసుకునేది. తరువాతి కాలంలో బెటెల్‌హైమ్ ఆటిజం ఉన్న పిల్లలకు వియన్నాలోని తన ఇంట్లోనే తాను చికిత్స చేసినట్లు చెప్పుకున్నాడు. జీవితచరిత్రకారులు దీనిని అంగీకరించలేదు.

నిర్బంధ శిబిరాలలో

డాక్టరేట్ వచ్చిన మరుసటి నెలలోనే, 1938 మార్చిలో, హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. బెటెల్‌హైమ్‌ను అరెస్టు చేసి దాఖౌ శిబిరానికి, అక్కడి నుండి సెప్టెంబరులో బూకెన్‌వాల్డ్ శిబిరానికి పంపారు. సుమారు పదిన్నర నెలలు బందీగా ఉన్నాడు. అప్పటికి యుద్ధం మొదలు కాలేదు. దేశం విడిచి పోయేందుకు వీలున్న యూదులను కొందరిని ఇంకా విడుదల చేస్తున్నారు. అలా 1939 ఏప్రిల్‌లో విడుదలై, ఆస్తినంతటినీ పోగొట్టుకుని అమెరికా చేరుకున్నాడు.

శిబిరంలో పిచ్చివాడు కాకుండా ఉండేందుకు ఈయన తోటి ఖైదీలను పరిశీలించడం ఒక పనిగా పెట్టుకున్నాడు. బూకెన్‌వాల్డ్‌లో పరిచయమైన ఎర్నెస్ట్ ఫెడర్న్ అనే యువకునితో ఈ విషయాలు చర్చించేవాడు. కాగితం, కలం అందుబాటులో లేనందున చూసినదంతా మనసులోనే దాచుకోవలసి వచ్చింది. ఆ పరిశీలనల ఆధారంగా వ్రాసిన వ్యాసం 1943లో ఒక మనస్తత్వశాస్త్ర పత్రికలో వెలువడింది. దీర్ఘకాలం బందీలుగా ఉన్నవారు క్రమంగా చిన్నపిల్లల స్థితికి దిగజారిపోతారని, కొందరు కాపలాదారుల మాటతీరును, నడవడిని, చివరకు వారి దుస్తుల పీలికలను సైతం అనుకరిస్తారని అందులో వివరించాడు. నాజీ శిబిరాల గురించి అమెరికన్ పాఠకులకు అందిన తొలి మానసిక విశ్లేషణలలో ఇది ఒకటి. శిబిరాలలో బ్రతికి బయటపడిన వారిలో కొందరు, పరిశోధకులలో కొందరు తరువాత ఈ నిర్ణయాలతో విభేదించారు. ఖైదీలు ఒకరికొకరు చేసుకున్న సహాయాన్ని బెటెల్‌హైమ్ తక్కువ చేసి చూపాడని వారి అభ్యంతరం.

ఈ అనుభవం నుండి ఆయన తీసుకున్న పాఠమే తరువాతి జీవితాన్ని నిర్ణయించింది. మనిషి చుట్టూ ఉన్న పరిసరాలు అతని వ్యక్తిత్వాన్ని కొద్ది నెలలలో ధ్వంసం చేయగలిగినప్పుడు, అందుకు పూర్తిగా విరుద్ధమైన పరిసరాలను కల్పిస్తే ధ్వంసమైన వ్యక్తిత్వాన్ని తిరిగి కట్టవచ్చునని ఆయన నమ్మాడు.

అమెరికాలో

జీనాతో వివాహం అమెరికా చేరాక రద్దయింది. 1941లో వియన్నాకే చెందిన గెర్ట్రూడ్ వైన్‌ఫెల్డ్‌ను వివాహమాడాడు. వీరికి రూత్, నయోమీ అనే కుమార్తెలు, ఎరిక్ అనే కుమారుడు కలిగారు. చికాగో విశ్వవిద్యాలయంలో విద్యావేత్త రాల్ఫ్ టైలర్ పర్యవేక్షణలో కళావిద్య మూల్యాంకనంపై పనిచేశాడు. 1942 నుండి రాక్‌ఫర్డ్ కళాశాలలో బోధించాడు. ఉద్యోగాల కోసం సమర్పించిన వివరాలలో లేని అర్హతలు చేర్చాడని, వియన్నా చదువును పెంచి చెప్పాడని తరువాతి పరిశోధకులు చూపించారు. సర్వస్వం కోల్పోయి పరాయి దేశం చేరిన శరణార్థి ఉద్యోగం కోసం నాలుగు మాటలు ఎక్కువ చెప్పడం అర్థం చేసుకోదగినదే. పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడా వాటిని సరిదిద్దకపోవడం అటువంటిది కాదు.

ఆర్థోజెనిక్ స్కూల్

1944లో చికాగో విశ్వవిద్యాలయం ఈయనను ఆర్థోజెనిక్ స్కూల్ సంచాలకుడుగా నియమించింది. ఇతర వైద్యాలయాలలో నయం కాదని వదిలివేసిన పిల్లలు, స్కూళ్ళ నుండి వెళ్ళగొట్టబడినవారు, ఎవరితోనూ మాట్లాడనివారు, తమను తాము గాయపరచుకునేవారు ఇక్కడకు వచ్చేవారు. సంఖ్య ఎప్పుడూ పరిమితమే, సుమారు 40-50 మంది. వారిని చిన్న చిన్న బృందాలుగా చేసి, ప్రతి బృందానికి కౌన్సెలర్లను నియమించేవారు. కౌన్సెలర్లలో ఎక్కువమంది యువతులు. వారు స్కూల్‌లోనే నివసిస్తూ, పిల్లలతో కలిసి భోజనం చేస్తూ, రాత్రి నిద్రపుచ్చేవరకు వెంట ఉండేవారు.

వైద్యురాలు ఎమీ సిల్వెస్టర్‌తో కలిసి బెటెల్‌హైమ్ రూపొందించిన ఈ పద్ధతికి మిల్యూ థెరపీ అని పేరు. దీనిని పరిసర చికిత్స అనవచ్చును. వారానికి రెండుమూడు గంటలు వైద్యునితో మాట్లాడటం మాత్రమే చికిత్స కాదని, నిద్ర లేవడం, స్నానం, అన్నం, ఆట, చదువు, పడక వంటి దినచర్య మొత్తమూ చికిత్సయేనని దీని సారాంశం. 1950లో వెలువడిన తొలి ప్రసిద్ధ గ్రంథం లవ్ ఈజ్ నాట్ ఎనఫ్‌లో పిల్లవాడు ఉదయం కళ్ళు తెరిచినది మొదలు రాత్రి పడుకునే వరకు ఒక్కొక్క ఘట్టాన్ని తీసుకుని, అక్కడ పెద్దలు ఏమి చేయాలో వివరించాడు. తిండి విషయంలో ఈయన పట్టుదల చెప్పుకోదగినది. పిల్లవాడికి లోకంపై నమ్మకం మొదట అన్నం ద్వారానే కలుగుతుందని, కనుక తిండిని బహుమతిగా గాని, శిక్షగా గాని వాడరాదని నియమం పెట్టాడు. మిఠాయిలు, బిస్కత్తులు ఉంచిన అల్మారా పిల్లలకు ఎప్పుడూ తెరిచి ఉండేది. పగలగొడతారేమోనన్న భయంతో ప్లాస్టిక్ పళ్ళాలు పెట్టడం పిల్లలను అవమానించడమేనని, పింగాణీ పాత్రలలో వడ్డించేవారు. గదుల అలంకరణ, మంచాలు, కర్టెన్ల ఎంపికలో శ్రద్ధ ఉండేది. ఆవరణలో పడుకుని ఉన్న ఒక స్త్రీమూర్తి రాతివిగ్రహం ఉండేది. పిల్లలు దానిపై ఎక్కి ఆడుకునేవారు. స్కూల్ తలుపులు బయటివారికి తాళం వేసి ఉండేవి కాని, లోపలి నుండి పిల్లలు తెరుచుకుని పోవచ్చును. శిబిరపు తలుపుకు ఇది సరిగ్గా తిరగవేసిన రూపం.

పిచ్చాసుపత్రులలో పిల్లలను మంచాలకు కట్టివేయడం సాధారణంగా ఉన్న ఆ రోజులలో ఇవన్నీ విప్లవాత్మకమైన మార్పులు. కౌన్సెలర్లుగా పనిచేసినవారిలో అనేకులు తరువాత ఈ రంగంలో పేరు పొందారు. ఫోర్డ్ ఫౌండేషన్ 1956లో ఆటిజం ఉన్న పిల్లల చికిత్స కోసం స్కూల్‌కు పెద్ద మొత్తంలో గ్రాంటు ఇచ్చింది. 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఈయన వ్రాసిన జోయీ అనే బాలుని కథ ప్రపంచమంతటా చదవబడింది. ఆ బాలుడు తనను యంత్రంగా భావించుకునేవాడు. భోజనానికి కూర్చునే ముందు ఊహలోని తీగలను గోడలోని విద్యుత్ ప్లగ్గుకు తగిలించుకుంటే తప్ప ముద్ద మింగేవాడు కాదు.

ఈ ఏర్పాటులో మరొక వైపు కూడా ఉంది. తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి రావడం చాలా కాలం వరకు నిషిద్ధం. పిల్లవాని జబ్బుకు ఇల్లే కారణమని భావించినప్పుడు ఇంటివారిని దూరంగా ఉంచడం చికిత్సలో భాగమయింది. దానితో లోపల జరిగేది చూసేందుకు, అడిగేందుకు బయటివారెవరూ లేకుండా పోయారు. ఏ పిల్లవానిని చేర్చుకోవాలో, ఎప్పుడు పంపాలో, ఎవరికి ఏ జబ్బో నిర్ణయించేది ఒక్కరే. కౌన్సెలర్లు తమ సొంత మానసిక సమస్యలకు కూడా ఆయననే ఆశ్రయించేవారు. విశ్వవిద్యాలయం ఆయన కీర్తిని చూసి సంతోషించింది గాని లోపలికి తొంగి చూడలేదు.

ఆటిజం - తల్లిదండ్రులపై నింద

ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా 1943లో వర్ణించిన లియో కానర్, అది పుట్టుకతో వచ్చేదని అంటూనే ఆ పిల్లల తల్లిదండ్రులు ఆప్యాయత తక్కువగా ఉన్నవారని కూడా వ్రాశాడు. రిఫ్రిజిరేటర్ తల్లి అనే మాట వాడుకలోకి రావడానికి ఈ వర్ణనలే దారితీశాయి. దానిని జనసామాన్యంలోకి తీసుకుపోయినవాడు మాత్రం బెటెల్‌హైమ్. 1967లో ప్రచురించిన ది ఎంప్టీ ఫోర్ట్రెస్ గ్రంథంలో, ఈ బిడ్డ లేకపోతే బాగుండునన్న కోరిక తల్లిదండ్రులలో ఉండటమే ఆటిజానికి ప్రేరకమని వాదించాడు. ఆటిజం ఉన్న పిల్లవాడిని నాజీ శిబిరంలో ఆశ వదులుకున్న ఖైదీతో పోల్చాడు. అటువంటి పోలికలో తల్లి ఎవరి స్థానంలో నిలబడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. తన వద్దకు వచ్చిన పిల్లలలో ఐదింట సుమారు నాలుగు వంతుల మంది మెరుగుపడ్డారని ఆ గ్రంథంలో ప్రకటించాడు. ఈ లెక్కలను ఇతరులు సరిచూసే వీలు కలగలేదు. స్కూల్‌లో చేరినవారిలో అసలు ఆటిజం ఉన్నవారు ఎందరన్నది కూడా సందేహమే.

ఈ పుస్తకం వచ్చేనాటికే దీనికి భిన్నమైన వాదన ఉంది. అమెరికా నౌకాదళంలో మనస్తత్వశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బెర్నార్డ్ రిమ్లాండ్, తన కుమారునికి ఆటిజం ఉన్నందున అప్పటి సాహిత్యమంతా చదివి, ఇది మెదడుకు, నాడీమండలానికి సంబంధించిన స్థితి అని 1964లోనే ఒక గ్రంథం వ్రాశాడు. ఆ మరుసటి సంవత్సరం తల్లిదండ్రులతో కలిసి ఒక సంఘాన్ని స్థాపించాడు. 1969లో ఆ సంఘపు సమావేశంలో కానర్ స్వయంగా పాల్గొని, తల్లిదండ్రులు నిర్దోషులని బహిరంగంగా ప్రకటించాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్‌లు 21 కవలల జంటలపై జరిపిన అధ్యయనం వంశపారంపర్య కారణాలను స్పష్టంగా చూపింది. బెటెల్‌హైమ్ మాత్రం తన వాదనను ఉపసంహరించుకోలేదు. ఒక తరం తల్లులు బిడ్డ స్థితికి తామే కారణమన్న వేదనతో బ్రతికారు. ఫ్రాన్సులో 1974లో ప్రసారమైన టెలివిజన్ కార్యక్రమాల వలన ఈయన భావాలకు విశేష ఆదరణ లభించి, అక్కడ ఆటిజం చికిత్సలో మనోవిశ్లేషణ ప్రభావం ఇతర దేశాల కంటే చాలా ఎక్కువ కాలం నిలిచింది. 2012లో ఆ దేశపు ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇందుకు భిన్నమైన సిఫారసులు చేసింది.

ఇతర రచనలు

బెటెల్‌హైమ్ సరళమైన ఆంగ్లంలో సామాన్యులకు అర్థమయ్యేటట్లు వ్రాయగలిగినవాడు. నాజీ శిబిరాల అనుభవాలను, ఆధునిక సమాజాన్ని గురించి 1960లో ది ఇన్‌ఫార్మ్డ్ హార్ట్ వ్రాశాడు. ఇజ్రాయెల్ కిబుట్జ్‌లలో పిల్లల పెంపకంపై 1969లో ది చిల్డ్రన్ ఆఫ్ ది డ్రీమ్, తన స్కూల్ నిర్వహణపై 1974లో ఎ హోమ్ ఫర్ ది హార్ట్ వెలువడ్డాయి. 1976లో వచ్చిన ది యూజెస్ ఆఫ్ ఎన్‌ఛాంట్‌మెంట్ అన్నింటిలోకి ప్రసిద్ధమైనది. రాక్షసులు, సవతి తల్లులు ఉండే పాతకాలపు జానపద కథలు పిల్లలను భయపెట్టవని, తమలోని భయాలను ఎదుర్కొనేందుకు తోడ్పడతాయని ఇందులో వాదించాడు. ఈ గ్రంథానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు లభించింది. జానపద విజ్ఞాన పండితుడు ఆలన్ డండీస్ 1991లో, ఈ గ్రంథంలోని కొన్ని భాగాలు జూలియస్ హ్యూషర్ 1963లో వ్రాసిన పుస్తకం నుండి పేరు చెప్పకుండా గ్రహించినవని చూపించాడు. 1983లో వుడీ ఆలెన్ తీసిన జెలిగ్ చలనచిత్రంలో బెటెల్‌హైమ్ తన పాత్రలోనే కనిపిస్తాడు.

చివరి రోజులు

1973లో పదవీ విరమణ చేసి కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. 1984లో భార్య గెర్ట్రూడ్ మరణం ఈయనను కుంగదీసింది. యవ్వనం నుండి వెంటాడుతున్న విషాదచింత తీవ్రమయింది. 1987లో పక్షవాతం వచ్చి వ్రాయడం కష్టమయింది. 1990 మొదట్లో మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక వృద్ధుల వసతిగృహానికి మారాడు. అదే సంవత్సరం మార్చి 13న, 86 ఏళ్ళ వయసులో, అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. హిట్లర్ సేనలు వియన్నాను ఆక్రమించి అప్పటికి సరిగా 52 సంవత్సరాలు.

మరణానంతర వివాదాలు

పత్రికలు ఘనంగా నివాళులర్పించాయి. ఆ నివాళులు చదివిన స్కూల్ పూర్వ విద్యార్థులు కొందరు చికాగో, వాషింగ్టన్ పత్రికలకు వ్రాసిన లేఖలు, వ్యాసాలు 1990లోనే వెలువడ్డాయి. పిల్లలను కొట్టరాదని పుస్తకాలలో వ్రాసిన బెటెల్‌హైమ్ తమను చెంపదెబ్బలు కొట్టేవాడని, జుట్టు పట్టి ఈడ్చేవాడని, తోటి పిల్లల ముందు హేళన చేసేవాడని వారు ఆరోపించారు. కొందరు బాలికలు అంతకంటే తీవ్రమైన అనుచిత ప్రవర్తనను గురించి చెప్పారు. నిజానికి ఇటువంటి సంగతులు మొదటిసారి 1990లో బయటపడినవి కావు. పూర్వ విద్యార్థి టామ్ వాలెస్ లయన్స్ 1983లోనే ఈ స్కూల్‌ను పోలిన సంస్థపై ఒక నవల ప్రచురించాడు. దానిని పట్టించుకున్నవారు కొద్దిమందే. మానసిక రోగులుగా ముద్రపడిన పిల్లల మాట ప్రపంచ ప్రసిద్ధుని మాట ముందు నిలవలేదు.

కౌన్సెలర్లుగా పనిచేసిన కొందరు ఆయన పిల్లలను కొట్టిన మాట నిజమేనని అంగీకరించారు. అది అదుపు తప్పిన పిల్లలకు భద్రత కలిగించేందుకేనని కొందరు సమర్థించగా, అప్పుడే ఎందుకు నోరు మెదపలేదా అని మరికొందరు బాధపడ్డారు. పూర్వ విద్యార్థులందరిదీ ఒకే మాట కాదు. పదమూడేళ్ళు అక్కడ గడిపిన స్టీఫెన్ ఎలియట్ 2003లో వ్రాసిన ఆత్మకథలో భయమూ ఉంది, కృతజ్ఞతా ఉంది. ఆ స్కూల్ లేకపోతే తాము బ్రతికేవారమే కాదని చెప్పినవారూ ఉన్నారు.

జీవితచరిత్రలలోనూ ఈ భేదం కనిపిస్తుంది. ఫ్రెంచి పాత్రికేయురాలు నీనా సట్టన్ లోపాలను దాచకుండానే సానుభూతితో వ్రాసింది. బెటెల్‌హైమ్ పుస్తకాల ఏజెంటు అయిన థెరాన్ రెయిన్స్ 2002లో ఆయనను సమర్థిస్తూ వ్రాశాడు. అందరికంటే కఠినంగా వ్రాసినవాడు పాత్రికేయుడు రిచర్డ్ పొలాక్. అతని తమ్ముడు ఆ స్కూల్ విద్యార్థి. 1948లో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆటలో గడ్డి అటక మీద నుండి పడి మరణించాడు. పొలాక్ ఆ సమయంలో అక్కడే ఉన్నాడు. చాలా ఏళ్ళ తరువాత తమ్ముని గురించి తెలుసుకుందామని వెళ్ళిన పొలాక్‌తో, అది ప్రమాదం కాదని, ఆత్మహత్య అని, అందుకు తల్లే కారణమని బెటెల్‌హైమ్ చెప్పాడు. కళ్ళారా చూసినవానితో చెప్పిన ఈ మాట నుండి మొదలైన అన్వేషణ 1997లో ది క్రియేషన్ ఆఫ్ డాక్టర్ బి అనే గ్రంథంగా వెలువడింది. బెటెల్‌హైమ్ అర్హతలు, చికిత్స ఫలితాల గురించిన సందేహాలలో ఎక్కువ భాగం ఈ గ్రంథం వలన ప్రచారంలోకి వచ్చాయి.

ఆయన తరువాత స్కూల్

1973లో బెటెల్‌హైమ్ స్థానంలో, ఆయన వద్దే కౌన్సెలరుగా పనిచేసిన జాక్వెలిన్ సాండర్స్ సంచాలకురాలు అయింది. ఆమె పిల్లలను కొట్టడాన్ని నిలిపివేసింది. కాలక్రమంలో తల్లిదండ్రులు రావడానికి, చికిత్సలో పాలుపంచుకోవడానికి స్కూల్‌లో అవకాశం కల్పించారు. 2014లో స్కూల్ పాత భవనాలను విడిచి చికాగోలోనే వుడ్‌లాన్ ప్రాంతానికి మారింది.